పాఠంలోని తాడు తెగదు

భౌతికశాస్త్రం లెక్కల్లో మీకు ఒక తాడు పదేపదే ఎదురవుతూ వుంటుంది. గిలక మీదుగా పోయి, అటు ఒక బరువునూ ఇటు ఒక బరువునూ మోసే తాడు అది. దాన్ని గురించి పుస్తకం ముందుగానే ఒక మాట చెబుతుంది: ఆ తాడుకు బరువు లేదు, అది సాగదు. గిలకకేమో ఘర్షణ లేదు. ఇలా అనుకుంటే లెక్క సులువవుతుంది కాబట్టి అనుకుంటాం. అందులో తప్పేమీ లేదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా నేనూ పిల్లలచేత అలాగే లెక్కలు చేయిస్తున్నాను.

అయితే ఆ తాడుకు ఇంకొక గుణం కూడా వుంది. దాన్ని పుస్తకం చెప్పదు, మనమూ అడగం. ఆ తాడు తెగదు. ఎన్నేళ్ళయినా చివకదు. దాన్ని ఎలుక కొరకదు, దానికి తుప్పు పట్టదు. బయట ప్రపంచంలో అలాంటి తాడు ఒక్కటి కూడా లేదు. బావి చేంతాడు మొదలుకొని ఓడరేవులో క్రేను తాడు దాకా ప్రతిదీ వాడిన కొద్దీ అరుగుతుంది, వాడకపోయినా పాతబడుతుంది. ఈ సంగతి తెలుసుకోవడం కూడా సైన్సేనని నాకు ఒక పాత విద్యార్థి నేర్పాడు. ముందు ఆ కథ చెబుతాను.

మోకు లోపల ఏముంది?

పదేళ్ళ కిందటి మాట. మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లెటూరి హైస్కూలు. మేడమీద కొత్తగా సైన్సు గది కట్టారు. ప్రయోగాల బల్లమీద పరచడానికి కడప బండ తెప్పించాం. దాని పొడవు 2 మీటర్లు, వెడల్పు 60 సెంటీమీటర్లు, మందం రెండున్నర సెంటీమీటర్లు. మెట్లదారి ఇరుకు, మలుపు దగ్గర బండ తిరగదు. అందుకని పిట్టగోడ పైన దూలం కట్టి, దానికి గిలక తగిలించి, మోకుతో బండను పైకి లాగుదామనుకున్నాం. ఆటల గదిలో ఒక మోకు వుండనే వుంది. టగ్ ఆఫ్ వార్ పోటీలకు వాడేది, బొటనవేలికన్న లావు.

ఘనపరిమాణాన్ని సాంద్రతతో గుణించి బండ బరువు సుమారు 80 కిలోలని పిల్లల ముందే లెక్కవేసి చూపించాను. లెక్క సరిగానే వేశాను. ఆ బరువును మోయవలసిన మోకును మాత్రం చూడలేదు.

మా పాత విద్యార్థి ఒకడు గల్ఫ్‌లో రిగ్గరుగా పనిచేస్తాడు. రిగ్గరంటే బరువులకు తాళ్ళూ గొలుసులూ కట్టి క్రేను కొక్కేనికి తగిలించే పనివాడు. మన రేవుల్లో, రైల్వేలో ఖలాసీలు చేసే పని అన్నమాట. సెలవుమీద ఇంటికి వచ్చినవాడు బండ ఎక్కించడానికి సాయం వచ్చాడు. మోకును చేతిలోకి తీసుకుని ఈ కొసనుంచి ఆ కొసదాకా మూరమూరా తడుముకుంటూ పోయాడు. ఒకచోట ఆగి, మోకును పురికి ఎదురుగా తిప్పి పేటలు విడదీశాడు. లోపలినుంచి గోధుమరంగు పొడి రాలింది.

"పైకి బాగానే వుందండి మాస్టారూ. లోపల అయిపోయింది" అన్నాడు.

"ఏరా, మొన్న జనవరిలో ముప్పైమంది పట్టుకుని లాగితే తెగలేదు. ఎనభై కిలోలకు తెగుతుందా?" అన్నాను.

"ఆ తర్వాత వానాకాలం పోయింది కదండీ. ఇన్నాళ్ళూ చెమ్మ నేలమీదే పడివుంది. అయినా అప్పుడు తెగితే పిల్లలు వెనక్కి పడేవారు. ఇప్పుడు తెగితే..." అని, మాట పూర్తిచేయకుండా గోడ కిందికి చూశాడు. ఆరో తరగతి పిల్లలు పది పన్నెండుమంది అక్కడ గుమికూడి తమాషా చూస్తున్నారు.

మర్నాడు గది ప్రారంభోత్సవం. హెడ్‌మాస్టరుగారు తొందరపెడుతున్నారు. నిజం చెప్పాలంటే నాకు కోపం వచ్చింది. నా దగ్గర చదువుకున్న కుర్రవాడు అందరి ముందు నాకు అడ్డు చెబుతున్నాడే అనిపించింది. అతను మాత్రం మోకును కింద పెట్టేసి, "కొత్తది తెప్పించండి మాస్టారూ. దీంతో నేను కట్టను" అని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. టౌనునుంచి కొత్త మోకు వచ్చేసరికి సాయంత్రమైంది. ముందుగా పిల్లలందరినీ దూరంగా పంపించి, ఆ తర్వాతే బండను ఎక్కించాడు. వెళ్ళేముందు కత్తి అడిగి పాత మోకును మూరెడేసి ముక్కలుగా కోసేశాడు. ఎందుకురా అంటే, "ఊరికే పారేస్తే మళ్ళీ ఎవరో ఒకరు తెచ్చి వాడతారండి" అన్నాడు.

ఆ రోజు ఆ మోకు తెగేదో లేదో నాకు తెలియదు. ఇక ఎప్పటికీ తెలియదు. పరికరాన్ని ముందుగా పరీక్షించడంలో వున్న చిక్కే ఇది. పరీక్ష సరిగా జరిగితే ఏమీ జరగదు. జరగనిదానికి చప్పట్లు కొట్టేవారు వుండరు. ఆలస్యం చేశాడని విసుక్కునేవారు మాత్రం వుంటారు. ఆ రోజు అలా విసుక్కున్నవాణ్ణి నేనే.

గొలుసుకు బదులు తీగల తాడు

ఇనుప తీగలను పురిపెట్టి పేనిన తాడును వైర్ రోప్ అంటారు. క్రేన్లలో, లిఫ్టుల్లో, గనుల్లో బరువులను మోసేది ఇదే. ఇది ఎందుకు పుట్టిందో తెలిస్తే, దాన్ని ఎలా పరీక్షించాలో సగం తెలిసినట్లే.

జర్మనీలో హార్జ్ కొండల ప్రాంతంలో క్లౌస్తాల్ అనే గనుల పట్టణం వుంది. అక్కడ విల్హెల్మ్ ఆల్బర్ట్ (1787-1846) అనే గనుల అధికారి వుండేవాడు. ఆ రోజుల్లో గనిలోనుంచి ముడిఖనిజాన్ని జనపనార జాతి మోకులతోనో, ఇనుప గొలుసులతోనో పైకి లాగేవారు. మోకులు చెమ్మకు కుళ్ళేవి. గొలుసులు ఉన్నట్లుండి తెగేవి. మోయగల బరువే మోస్తున్న గొలుసు ఎందుకు తెగుతున్నదని ఆల్బర్ట్ ఆలోచించాడు. 1829లో ఒక యంత్రం తయారుచేసి, గొలుసుమీద ఒకే బరువును వేసి తీసి, మళ్ళీ వేసి తీసి, ఇలా లక్షసార్ల దాకా పరీక్షించాడు. ఒక్కసారి మోయగల బరువునే వేలసార్లు మోస్తే లోహం నీరసించి విరిగిపోతుందని తేలింది. దీన్నే ఇంజనీర్లు లోహపు అలసట అంటారు. ఈ విషయంలో మనకు తెలిసిన మొట్టమొదటి ప్రయోగాలు ఆయనవే.

గొలుసులో వున్న లోపం ఇంకొకటి. నూరు లింకుల్లో తొంభైతొమ్మిది గట్టిగా వున్నా, ఒక్క లింకులో వెంట్రుకంత బీట వుంటే చాలు, బరువంతా కిందికి వస్తుంది. ఆ లింకు భారాన్ని పంచుకోవడానికి పక్కన మరొకటి వుండదు. అందుకని ఆల్బర్ట్ మూడున్నర మిల్లీమీటర్ల ఇనుప తీగలు నాలుగేసి కలిపి పేటగా పేని, అలాంటి మూడు పేటలను తాడుగా పేనించాడు. మొత్తం 12 తీగలు. 1834 జులైలో దాన్ని క్లౌస్తాల్‌లోని ఒక గనిలో వాడి చూశారు. ఒక తీగ తెగినా మిగిలిన పదకొండు భారాన్ని పంచుకుంటాయి. ఈలోగా తెగిన తీగ కొస బయటికి పొడుచుకు వచ్చి కనిపిస్తుంది.

ఇందులోని విశేషాన్ని గమనించండి. వైర్ రోప్ ఎన్నటికీ తెగదని కాదు. ఒక్కసారిగా తెగకుండా, ఒక్కొక్క తీగగా తెగుతుంది. తెగేముందు మనకు కబురు పంపుతుంది. ఆ కబురు అందుకునే మనిషి లేకపోతే, ఆ తాడుకు వున్న గొప్పగుణమంతా వృథా.

"ఇన్నేళ్ళుగా ఏమీ కాలేదు"

పనిచేసే చోట ఈ మాట చాలాసార్లు వింటాం. "ఈ గొలుసుతో పదేళ్ళుగా ఎత్తుతున్నాం, ఏమీ కాలేదు" అంటారు. ఈ వాదంలో ఎంత బలం వుందో మీరే ఒక చిన్న ప్రయోగంతో తేల్చవచ్చు.

ఇంటి కప్పులు పోసేటప్పుడు కడ్డీలను కట్టే బైండింగు తీగ ముక్క జానెడు తీసుకోండి. దాన్ని ఒకేచోట అటు వంచండి, ఇటు వంచండి. ఎన్నిసార్లు వంచారో లెక్కపెట్టండి. తీగ విరిగినప్పుడు ఆ అంకెను రాసుకోండి. ఇరవయ్యో వంపుకు విరిగిందనుకుందాం. పందొమ్మిదో వంపుదాకా "ఏమీ కాలేదు" అన్న మాట నిజమే. కాని లోపల జరగవలసినదంతా అప్పటికే జరిగిపోయింది. ప్రతి వంపూ లోపలి బీటను కాస్త కాస్త పెంచింది. కాబట్టి "ఇన్నేళ్ళుగా ఏమీ కాలేదు" అన్నది ధైర్యం చెప్పే మాట కాదు. ఇన్నేళ్ళుగా వంపులు లెక్కకు చేరుతున్నాయని చెప్పే మాట అది.

ఇప్పుడు మరో తీగ ముక్కను తీసుకుని కొద్దికొద్దిగా మాత్రమే వంచి చూడండి. ఎక్కువసార్లు ఆగుతుంది. గిలకమీదుగా పోయే తాడు కూడా ప్రతిసారీ వంగి, మళ్ళీ నిటారు అవుతుంది. గిలక చిన్నదైతే వంపు ఎక్కువ, తాడు ఆయుష్షు తక్కువ. క్రేన్ల గిలకలు అంత పెద్దవిగా ఎందుకుంటాయో దీన్నిబట్టి మీకు అర్థమవుతుంది.

చూడడానికి ఏం కావాలి?

తాడు పంపే కబురును అందుకోవడానికి గొప్ప యంత్రాలేమీ అక్కరలేదు. కన్ను, గుడ్డపీలిక, మీ ప్రయోగశాలలో వుండే వెర్నియర్ కాలిపర్స్ చాలు.

మొదటిది తెగిన తీగలు. వట్టి చేత్తో వైర్ రోప్‌ను తడమకూడదు. తీగ కొస సూదిలా దిగుతుంది. అనుభవమున్నవారు చేతికి తొడుగు వేసుకుని, గుడ్డపీలికను తాడుచుట్టూ పట్టి మెల్లగా జరుపుతారు. పీలిక చిక్కుకున్న చోట తీగ తెగిందన్నమాట. ఒక పేట తాడుచుట్టూ ఒకసారి పూర్తిగా తిరిగి రావడానికి పట్టే పొడవును ఒక చుట్టు పొడవుగా తీసుకుని, అంతలో ఎన్ని తీగలు తెగాయో లెక్కిస్తారు. క్రేన్లమీద కదిలే తాళ్ళకు అమెరికా భద్రతా నియమాల్లో ఒక లెక్క వుంది: ఒక చుట్టు పొడవులో 6 తీగలు, లేదా అంతలోనే ఒకే పేటలో 3 తీగలు తెగితే ఆ తాడును వాడరాదు. తాడు మొత్తంలో అని కాకుండా ఒక చుట్టులో అని ఎందుకు అన్నారు? తెగిన తీగ ఆ చోట బరువు మోయలేకపోయినా, పక్క తీగలతో ఘర్షణవల్ల కొంత దూరం పోయాక మళ్ళీ తన వంతు మోస్తుంది. తెగినవన్నీ దగ్గరదగ్గరగా వుంటేనే ఎక్కువ ప్రమాదం. పాఠంలో మనం లేదనుకున్న ఘర్షణే ఇక్కడ తాడును కాపాడుతున్నది!

రెండోది లావు. కొత్తగా 20 మిల్లీమీటర్ల లావున్న తాడు 19 మిల్లీమీటర్లకు దిగిందనుకోండి. "ఒక్క మిల్లీమీటరే కదా, అయిదు శాతమే" అనిపిస్తుంది. వైశాల్యం వ్యాసం వర్గాన్నిబట్టి మారుతుందని మీకు తెలుసు. 19 వర్గం 361, 20 వర్గం 400. అంటే బరువు మోసే లోహం దాదాపు పదోవంతు పోయింది. అయిదు శాతానికి మించి సన్నబడితే తాడును తీసేయాలని పైన చెప్పిన నియమాలే అంటున్నాయి. కొలిచేటప్పుడు వెర్నియర్ దవడలు పేటల మధ్య పల్లంలో కాకుండా, పేటల ఉబ్బుమీద ఆనాలి. లేకపోతే లెక్క తప్పుతుంది.

మూడోది కొక్కెం. మంచి కొక్కేన్ని పెళుసు ఇనుముతో చేయరు. బరువు మించినప్పుడు చటుక్కున విరగకుండా, ముందు నోరు తెరుచుకునేలా చేస్తారు. అది కూడా కబురే. కొత్తలో కొక్కెం నోటి వెడల్పు కొలిచి రాసుకుంటే, తర్వాత పెరిగిందో లేదో తెలుస్తుంది. నోరు తెరుచుకున్న కొక్కేన్ని కాల్చి, సమ్మెటతో కొట్టి సరిచేయడం కొన్నిచోట్ల చూశాను. అది కబురు తెచ్చినవాడి నోరు మూయించడం లాంటిది. ఆకారం మళ్ళీ వస్తుంది గాని, పోయిన బలం రాదు.

నాలుగోది షాకిల్. తాడునూ కొక్కేన్నీ కలిపే యు ఆకారపు ముక్క ఇది. దాని మూతికి అడ్డంగా ఒక మేకు బిగిస్తారు. ఆ మేకు పోతే, చేతికి అందిన బోల్టు ఏదో దూర్చి పని కానిస్తారు. షాకిల్‌తోబాటు వచ్చిన మేకుకున్న బలం ఆ బోల్టుకు వుంటుందన్న నమ్మకం ఏమీ లేదు.

ఇక జాగ్రత్తల సంగతి. వైర్ రోప్‌కు తగిన గ్రీజు పెడుతూ వుండాలి. తీగలు ఒకదానిమీద ఒకటి జారుతూ వుంటాయి కాబట్టి, అది తుప్పునే కాక అరుగుదలనూ ఆపుతుంది. తాళ్ళను నేలమీద కుప్పగా పడేయకుండా, పొడిచోట కొయ్యకు వేలాడదీయాలి. పదునైన అంచుమీదుగా తాడు పోయేచోట గోనెపట్టా మడిచి పెట్టాలి. నైలాన్ తాళ్ళు ఎండలో ఏళ్ళతరబడి వుంటే బలం కోల్పోతాయి.

అయిదింతల బలం ఏమవుతుంది?

అయిదు టన్నులకు తెగే వైర్ రోప్ స్లింగుమీద సాధారణంగా ఒక టన్ను మాత్రమే ఎత్తాలంటారు. ఈ అంకె సురక్షిత భారం. "ఇంకా నాలుగు టన్నుల బలం చేతిలో వుంది కదా" అని కొందరు దానిమీద చేయి వేస్తారు. ఆ నాలుగు టన్నులూ ఎక్కడెక్కడ ఖర్చవుతాయో చూడండి.

మీ స్ప్రింగు త్రాసుకు అరకిలో బరువు తగిలించి, ముల్లు సున్నా దగ్గర వుండేలా బరువును చేత్తో పట్టుకుని, చటుక్కున వదిలేయండి. ముల్లు ఒక్క క్షణం దాదాపు కిలోదాకా పోయి వెనక్కి వస్తుంది. బరువు మారలేదు, ఒక్కసారిగా పడడమే భారాన్ని రెట్టింపు చేసింది. వదులుగా వున్న తాడును కుదుపుతో లాగితే ఇంకా ఎక్కువవుతుంది. మామూలు తాడుకు ముడి వేస్తే, ఆ ముడి దగ్గర బలం సగందాకా తగ్గిపోవచ్చు. వీటికి అరుగుదల తోడు.

అన్నిటికన్న మోసం చేసేది కోణం. 1000 కిలోల బరువును రెండు తాళ్ళతో ఒకే కొక్కేనికి కట్టారనుకోండి. ఒక్కొక్క తాడుమీద 500 కిలోలు పడుతుందని అనుకుంటాం. తాళ్ళు నిటారుగా వుంటేనే అది నిజం. అవి వాలిన కొద్దీ లాగుడు పెరుగుతుంది. తాడు అడ్డగీతతో చేసే కోణం సైను విలువతో 500ను భాగిస్తే ఒక్కొక్క తాడుమీద లాగుడు వస్తుంది:

90 డిగ్రీలు – 500 కిలోలు
60 డిగ్రీలు – 577 కిలోలు
45 డిగ్రీలు – 707 కిలోలు
30 డిగ్రీలు – 1000 కిలోలు
10 డిగ్రీలు – 2879 కిలోలు

30 డిగ్రీల దగ్గర ఒక్కొక్క తాడూ మొత్తం బరువంత మోస్తున్నది! రెండు స్ప్రింగు త్రాసులకు ఒక కిలో బరువును కట్టి, త్రాసులను మెల్లగా దూరం జరుపుతూ మీ తరగతిలోనే దీన్ని చూడవచ్చు. త్రికోణమితి ఎందుకు పనికివస్తుందని అడిగే పిల్లలకు నేను చెప్పే జవాబుల్లో ఇది ఒకటి.

కాబట్టి ఆ అయిదింతల బలం మన నిర్లక్ష్యానికి ఇచ్చిన కానుక కాదు. మనకు కనిపించని భారాల కోసం ముందుగా పక్కన పెట్టిన సొమ్ము అది.

నేల మెరిసింది, తీగ పాతది

మన దేశంలో జరిగిన ఒక దుర్ఘటనను గుర్తు చేయాలి. గుజరాత్‌లోని మోర్బీలో మచ్ఛు నదిమీద తీగల వంతెన వుండేది. మరమ్మతుల తర్వాత 2022 అక్టోబరు 26న దాన్ని మళ్ళీ తెరిచారు. చెక్క పలకలు తీసి అల్యూమినియం నేల వేశారు. నాలుగు రోజులకు, అక్టోబరు 30న, వంతెనను మోసే తాడు తెగి 135 మంది చనిపోయారు. ఆ తాడులో ఏడేసి తీగల పేటలు ఏడు, మొత్తం 49 తీగలు. వాటిలో 22 తుప్పు పట్టి వున్నాయనీ, అవి ప్రమాదానికి ముందే తెగివుండవచ్చుననీ దర్యాప్తు బృందం చెప్పింది.

అది వంతెన తాడు, బరువులెత్తే తాడు కాదు. కాని విషయం ఒకటే. ఆ తీగలు ఒకటి తర్వాత ఒకటిగా కబురు పంపాయి. అందరూ నడిచే నేలను కొత్తది చేశారు. నేలను మోసే తాడును కొత్తది చేయలేదు.

నియమాలు లేవా అంటే, వున్నాయి. 1948 నాటి మన ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షన్‌లోనే రాశారు: బరువులెత్తే గొలుసు, తాడు, కొక్కెంవంటి ప్రతి సామానుమీద సురక్షిత భారం ఎంతో స్పష్టంగా ముద్రించాలి, తెలిసినవాడు కనీసం 12 నెలలకొకసారి క్షుణ్ణంగా పరీక్షించాలి, రిజిస్టరు వుంచాలి. చట్టాల పేర్లు మారవచ్చు, అవసరం మారదు. అయితే సంవత్సరానికొకసారి చేసే పరీక్ష, ప్రతిరోజూ పని మొదలుపెట్టేముందు చూసే చూపుకు బదులు కాదు. జనవరిలో గట్టిగా వున్న మా మోకు నవంబరుకు పొడి అయిపోలేదా? రిజిస్టరులోని సంతకం బరువు మోయదు. తాడే మోస్తుంది.

నేను కోరేదేమిటంటే

ఇది పెద్దల పని, మనకెందుకని మీరు అనుకోవచ్చు. మీలో కొందరు రేపు చీమకుర్తి గ్రానైటు క్వారీల్లో, విశాఖ రేవులో, గల్ఫ్ దేశాల్లో తాళ్ళ కింద పనిచేస్తారు. కొందరు ఇంజనీర్లై ఆ తాళ్ళతో పని చేయిస్తారు. బోరుబావిలోనుంచి మోటారు తీయించని రైతు ఇల్లు ఎక్కడుంది? ఈ చదువు ఎవరికీ పరాయిది కాదు.

నా అభిప్రాయం ఇది. గిలకల పాఠం చెప్పే ప్రతి స్కూల్లోనూ ఏడాదికి ఒక్క పీరియడ్ నిజమైన తాడుకు కేటాయించాలి. ఒక కొత్త తాడు ముక్క, ఒక పాత తాడు ముక్క బల్లమీద పెట్టి, రెంటినీ కొలిపించాలి, పేటలు విప్పించాలి. సిలబసుకే సమయం చాలడం లేదని తోటి ఉపాధ్యాయులు అంటారు. నిజమే, చాలదు. కాని వెర్నియర్ పాఠంలో ఎలాగూ ఏదో ఒకటి కొలిపిస్తాం. గోళీకి బదులు తాడును కొలిపించవచ్చు.

అలాగే స్కూల్లో తలమీద వేలాడే వస్తువులన్నిటికీ ఒక నోటుబుక్కు వుండాలి. ఫ్యాను కొక్కేలు, గంట, జెండా కర్ర గిలక, ఉయ్యాల గొలుసులు. ఉయ్యాల గొలుసులో లింకూ లింకూ ఒరుసుకునే చోటును దగ్గరగా చూడండి. లింకు మధ్యలో కన్న అక్కడ సన్నబడి కనిపిస్తుంది. మీరు ఏదీ ఎక్కి ముట్టుకోవద్దు, బిగించవద్దు. చూసింది రాయండి, మీ మాస్టారికి చెప్పండి. ఎక్కడ బరువును ఎత్తుతున్నా దాని కింద నిలబడవద్దు, చిన్న పిల్లలను నిలబడనీయవద్దు.

అన్నిటికన్న ముఖ్యమైనది మరొకటి. "దీంతో నేను కట్టను" అన్నవాణ్ణి పిరికివాడనీ, పని ఎగ్గొట్టేవాడనీ అనకూడదు. కొత్త తాడుకు డబ్బవుతుంది, పని ఒక పూట ఆగుతుంది; అది నేను కాదనను. ఆ రోజు మా స్కూల్లోనూ ఆగింది. కాని పదిమంది పెద్దలు తొందరపెడుతుంటే, కూలి పోతుందని తెలిసి కూడా, వద్దని చెప్పడానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యానికి వెనక సైన్సు వుంటే, ఎందుకు వద్దో చెప్పగలుగుతాడు. అతను పేటలు విప్పి చూపించాడు కాబట్టే నేను నోరు మూసుకున్నాను.

ఆ కడప బండ మా సైన్సు గదిలో ఇప్పటికీ వుంది. దానిమీద ఒక గాజు సీసాలో ఆ పాత మోకు ముక్కను వుంచాను. ఏటా గిలకల పాఠానికి ముందు దాన్ని బయటికి తీసి, "ఇది గట్టిదా, కాదా?" అని అడుగుతాను. గట్టిదేనని ముక్తకంఠంతో చెబుతారు. అప్పుడు ఒకరిని పిలిచి పేటలు విప్పి చూడమంటాను. ఆ తర్వాతే నల్లబల్లమీద రాస్తాను: తాడుకు బరువు లేదు, తాడు సాగదు అనుకొనుము.